పై అంతస్తు పిల్లలు

"అమ్మా, గోడకు చెయ్యి ఆనించి చూడు" అంది మా అమ్మాయి.

రాత్రి పదకొండు దాటింది. ఆనించి చూశాను. జ్వరమని ఫోన్ చేస్తే కావలి నుంచి పరుగెత్తుకొచ్చినదాన్ని, అప్పటిదాకా దాని నుదురే ముట్టుకుంటూ కూర్చున్నాను. దాని నుదుటి కంటే గోడే వేడిగా ఉంది.

కిందటేడు ఏప్రిల్ నెలాఖరు సంగతి ఇది. నీట్ పరీక్ష ఇంకా వారం ఉంది. నెల్లూరులో ఒక ప్రైవేటు హాస్టల్, నాలుగో అంతస్తు, దానిపైన ఇంక స్లాబే. గదిలో ఎనిమిది మంచాలు, రెండు ఫ్యాన్లు, ఒక కిటికీ. మా అమ్మాయి మంచం పడమటి గోడకు ఆనుకొని ఉంది. పిల్లకు తోడుగా ఒక్క రాత్రి ఉండటానికి వార్డెన్ మేడమ్ ఒప్పుకుంది. ఆ రాత్రి నేను చూసిందే ఇది రాయిస్తోంది.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చెప్తాను. గదికి ఎంత ఎత్తుండాలి, కిటికీ ఎంత ఉండాలి, ఏ దిక్కున ఏముండాలి అని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను, పరీక్షల్లో అడుగుతున్నాను, మార్కులు వేస్తున్నాను. మా అమ్మాయిని చేర్పించేటప్పుడు మాత్రం అందరిలాగే భోజనం ఎలా ఉంటుంది, సీసీ కెమెరాలు ఉన్నాయా, పోయినసారి ఎన్ని ర్యాంకులొచ్చాయి అని అడిగి, ఫీజు కట్టి బస్సెక్కేశాను. ఏ అంతస్తు అని అడగలేదు. కిటికీ తెరుచుకుంటుందా అని చూడలేదు. ఆ తప్పు నాది.

పన్నెండింటికి లైట్లు తీశారు. ఒక పిల్ల బకెట్‌లో దుప్పటి ముంచి, పిండి, అదే కప్పుకొని పడుకుంది. ఇంకో ఇద్దరు మంచాలు వదిలేసి, కింద నీళ్లు చల్లుకొని, చాప కూడా లేకుండా ఉత్త నేల మీద పడుకున్నారు. ఒకమ్మాయి కారిడార్‌లో బాత్రూముల దగ్గర కాస్త గాలి ఆడుతుందని పుస్తకం పట్టుకొని పోయి, గోడకు ఆనుకొని కూర్చున్నచోటే నిద్రపోయింది. ఒంటిగంటన్నరకు కరెంటు ఐదు నిమిషాలు పోయింది. పిల్లలందరూ ఒకేసారి లేచి కూర్చున్నారు. ఒక్కరు కూడా ఏమీ అనలేదు. ఇంట్లో అయితే ఏ పిల్లైనా "అమ్మా, ఉక్కపోస్తోంది" అని కేకేస్తుంది. వీళ్లు కేకేయడం కూడా మానేశారు. ఆ ఎనిమిది మంది చీకట్లో అలా కూర్చొని ఉండటం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మనసులో ఉండదు.

ఇంట్లో మనం ఏం చేస్తాం? గదిలో ఉక్కగా ఉంటే హాల్లోకి వస్తాం. హాల్లో కూడా ఉక్కగా ఉంటే వసారాలోకో, మిద్దె మీదికో చాప తీసుకుపోతాం. అర్ధరాత్రి స్నానం చేస్తాం. హాస్టల్ పిల్లకు ఇందులో ఏ ఒక్కటీ కుదరదు. మంచం జరపకూడదు, మిద్దె తలుపుకు తాళం, రాత్రి పది తర్వాత నీళ్లు రావు. మిగతా ఇళ్లలో కట్టడం తప్పుగా ఉన్నా మనిషి సర్దుకుంటాడు. హాస్టల్‌లో ప్లాను గీసిన రోజు చేసిన తప్పును పిల్లలు పదినెలల పాటు ఒంటి మీద మోస్తారు. అందుకే మామూలు ఇంటికంటే హాస్టల్‌ను ఎక్కువ జాగ్రత్తగా కట్టాలని నేనంటాను. మన దగ్గర జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. అపార్ట్‌మెంటుగా అమ్ముడుపోనిది, ఆఫీసులకు అద్దెకు పోనిది హాస్టల్ అవుతుంది. లేదా ఖాళీ స్థలంలో ఎన్ని మంచాలు పడతాయో మొదట లెక్కేసి, ఆ మంచాల చుట్టూ గోడలు కడతారు.

ఆ గది అంతలా ఎందుకు ఉడుకుతుందో చెప్తాను. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ తాగుతుంది. ఆ వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికంటే రాత్రి తొమ్మిదింటికి పై అంతస్తు గది ఎక్కువ ఉడుకుతుంది. పడమటి గోడదీ అదే కథ, దానికి సాయంత్రపు ఏటవాలు ఎండ సూటిగా తగులుతుంది. బయట గాలి చల్లబడ్డాక కూడా ఈ రెండూ లోపలికి వేడి వదులుతూనే ఉంటాయి. దీనికి తోడు మనుషులు. నిద్రపోయే మనిషి ఒంట్లోంచి సుమారు 70 వాట్ల వేడి బయటికొస్తుంది. ఎనిమిది మందికి 560. పాత రకం ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు. అంతా కలిపితే ఏడు వందల వాట్ల పైమాటే. ఆ గది మధ్యలో ఒక ఇస్త్రీ పెట్టెను తెల్లవార్లూ ఆన్ చేసి వదిలేసినట్టు. పైగా నెల్లూరు గాలిలో తేమ ఎక్కువ, ఎనిమిది మంది ఊపిరి తేమ దానికి అదనం. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

"చదువుకునే పిల్లలు, ఆ మాత్రం కష్టపడాలి" అనే మాట నేను చాలామంది నోట విన్నాను. ఆ కష్టం చదువుకే చేటు అని తేలింది కాబట్టి ఆ మాటకు నేను ఒప్పుకోను. అమెరికాలోని బోస్టన్‌లో 2016 వేసవిలో వడగాడ్పు వచ్చినప్పుడు హార్వర్డ్ పరిశోధకులు 44 మంది కాలేజీ విద్యార్థులను పన్నెండు రోజులు గమనించారు. కొందరు ఏసీ ఉన్న భవనాల్లో, కొందరు లేని భవనాల్లో ఉండేవాళ్లు. పొద్దున్నే నిద్ర లేవగానే ఫోన్లో చిన్న చిన్న పరీక్షలు పెట్టారు. వేడి గదుల్లో పడుకున్నవాళ్లు జవాబివ్వడానికి సుమారు 13 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు, కూడికలు తీసివేతల్లో కూడా అంతే వెనకబడ్డారు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు, ముసలివాళ్లు కాదు. అదీ బోస్టన్‌లో! మన ఎండల్లో వాళ్ల ఎండ ఎంత? నీట్‌లో ఒక ప్రశ్నకు ఒక నిమిషం. ఆ నిమిషం కోసం రెండేళ్లు చదివించి, చివరి వారం పిల్లను నాలుగో అంతస్తు పడమటి గదిలో పడుకోబెడుతున్నాం.

ఒంటిపూట బడుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మార్చి నడిమికి వచ్చేసరికి ఒంటిపూట బడులు పెడతారు. మంచిదే. ఇంటి నుంచి వచ్చే పిల్ల మధ్యాహ్నానికి ఇంటికి పోయి చల్ల తాగి పడుకుంటుంది. హాస్టల్ పిల్ల ఎక్కడికి పోతుంది? ఎండ నుంచి తప్పించామని మనం అనుకునే ఆ పిల్ల సరిగ్గా మధ్యాహ్నం పన్నెండున్నరకు స్లాబు కిందికి, కొన్నిచోట్ల రేకుల కిందికి చేరుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 2015 మే నెల వడగాడ్పులకు రాష్ట్రంలో ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. అంత ఎండలున్న చోట పిల్లలు పడుకునే గదిలో రాత్రి ఎంత వేడి ఉంటోందో కొలిచే అలవాటే మనకు లేదు. వంట బియ్యం తూకం వేస్తాం, హాజరు వేలిముద్రతో తీసుకుంటాం. గోడకు తగిలించే థర్మామీటరు రెండు మూడు వందలకు దొరుకుతుంది, అది ఒక్క హాస్టల్‌లో కూడా నేను చూడలేదు.

ఇక కిటికీ. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

ఆ గది ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు ఉంటుంది. 320 చదరపు అడుగులు. తేమగా, ఉక్కగా ఉండే ప్రాంతాల్లో కిటికీల విస్తీర్ణం గది నేలలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్తుంది. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా మనలాంటి ప్రాంతాలకు తెరుచుకునే భాగం 16.66 శాతం ఉండాలంటుంది. అదీ ఆరో వంతే. అంటే ఆ గదికి 53 చదరపు అడుగుల గాలి దారి ఉండాలి. ఉన్నది నాలుగు అడుగులకు నాలుగు అడుగుల స్లైడింగ్ కిటికీ. స్లైడింగ్ కాబట్టి అందులో సగమే తెరుచుకుంటుంది, ఎనిమిది చదరపు అడుగులు. ఆ సగానికీ ప్లైవుడ్ ముక్క పెట్టి మేకులు కొట్టేశారు.

"రోడ్డు మీద కుర్రాళ్లు నిలబడుతున్నారు మేడమ్, ఏమైనా అయితే మాకు చెడ్డపేరు" అంది వార్డెన్. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ మీద నాకు కోపం కూడా లేదు, ఆవిడ పడుకునేది కూడా ఆ అంతస్తులోనే. కానీ రోడ్డు మీద నిలబడే కుర్రాడికి పడాల్సిన శిక్ష లోపలున్న ఎనిమిది మంది ఆడపిల్లలకు పడింది. మగపిల్లల హాస్టల్‌లో కిటికీలకు మేకులు కొట్టడం నేను చూడలేదు. బయటికి కనపడకుండా గాలి రావడానికి మన పెద్దవాళ్లకు వంద దారులు తెలుసు. ఇటుకను ఇటుకకు ఎడం పెట్టి పేర్చే జాలీ గోడ ఉంది. మనిషి ఎత్తుకు పైన, స్లాబుకు కింద పెట్టే వెంటిలేటర్లు ఉన్నాయి. కిందికి వంచిన చెక్కల తలుపులున్నాయి, లోపలి నుంచి నేల కనపడుతుంది, బయటి నుంచి పైకప్పు తప్ప ఏమీ కనపడదు. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. ప్లైవుడ్, మేకులు మాత్రం ఇంకా చవక, అదే వచ్చిన చిక్కు. ఇంకో భయం కూడా ఉంది, అది రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు: కిటికీ మూసి, గ్రిల్లుకు తాళం వేసి, మెట్లు ఒకే వైపున్న భవనంలో రాత్రిపూట మంటలు లేస్తే పిల్లలు ఎటు పోతారు?

గాలి లోపలికి రావాలంటే ఒక కిటికీ చాలదు, అది పోవడానికి ఎదురుగా దారి ఉండాలి. నడుమ కారిడార్, దానికి రెండు వైపులా గదులు అనే ప్లాను ఆ దారిని మూసేస్తుంది. స్థలం కలిసొస్తుందని అందరూ అదే గీస్తారు. నెల్లూరులో ట్రంకు రోడ్డు చుట్టుపక్కల, మాగుంట లేఅవుట్‌లో స్థలం ధర నాకు తెలియనిది కాదు, గదుల ముందు వసారా ఒక వైపే వదలమంటే యజమానికి పదిహేను ఇరవై మంచాలు తగ్గుతాయి. సరే, నడుమ కారిడారే కట్టండి. దాని రెండు చివరలా గోడ కట్టకుండా జాలీ వదలండి. ప్రతి గది తలుపు పైన రెండడుగుల వెంటిలేటరు పెట్టండి. మెట్ల గది పైభాగం మూయకుండా చుట్టూ తెరిచి ఉంచండి, వేడిగాలి పొగగొట్టంలోంచి పోయినట్టు పైకి పోతుంది. దీనికి ఒక్క మంచం కూడా తగ్గదు.

మన గాలి గురించి మనకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు. ఎండాకాలం పడమటి గాలి గెలిచిన రోజు నెల్లూరు నిప్పుల కొలిమి. మధ్యాహ్నం మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగిందా, ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. కాబట్టి పడుకునే గదుల కిటికీలు తూర్పుకు, ఆగ్నేయానికి ఉండాలి. పడమర వైపు మెట్లు, బాత్రూములు, స్టోర్ రూము పెట్టాలి, ఎండను అవి కాచుకుంటాయి. వాస్తు చూసేవాళ్లు కూడా నైరుతిలో బరువుండాలనే అంటారు, మెట్లకు, స్టోరుకు అక్కడ పేచీ రాదు. అయితే ఒక చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వాన కూడా ఆ తూర్పు నుంచే ఈడ్చి కొడుతుంది. ఎండాకాలం ఏ కిటికీ ప్రాణం పోస్తుందో, కార్తీకంలో అదే కిటికీ పరుపులు తడుపుతుంది. అందుకే తూర్పు కిటికీకి రెండున్నర, మూడు అడుగుల సన్‌షేడ్ కావాలి, ఇప్పుడు అందం కోసం పెట్టే తొమ్మిదంగుళాల అంచు చాలదు. వాన కొట్టినప్పుడు కింది తలుపు మూసినా పై తలుపు తెరిచి ఉంచగలిగేలా కిటికీని రెండు భాగాలు చేయాలి. మా అమ్మమ్మగారి ఇంట్లో ప్రతి కిటికీకి నాలుగు చిన్న తలుపులు ఉండేవి. ఎందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు.

పాత రోజులే బంగారం అని నేననను. తొంభైలలో నేను చదువుకుంది మూలాపేటలో ఒక పాత మిద్దెలో నడిచిన హాస్టల్‌లో. టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు, ఆ పైన సున్నపు గచ్చు, పన్నెండు అడుగుల ఎత్తు. మే నెలలో కూడా ఒక్క ఫ్యానుతో ఆరుగురం హాయిగా నిద్రపోయాం. కానీ ముప్పై మందికి ఒకే మరుగుదొడ్డి! పొద్దున నాలుగింటికి బకెట్లు వరసలో పెట్టేవాళ్లం. పోవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగేవాళ్లం కాదు, మాలో ముగ్గురికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. హాస్టల్‌లో ఆరుగురు ఆడపిల్లలకు ఒకటి, ఎనిమిది మంది మగపిల్లలకు ఒకటి ఉండాలనేది లెక్క. ఇవాళ మా అమ్మాయి హాస్టల్‌లో కారిడార్‌లో గదికొకటి చొప్పున టాయిలెట్లు ఉన్నాయి, టైల్స్ ఉన్నాయి. ఆ విషయంలో దాని రోజులు మా రోజులకంటే మేలు. మా గది చల్లదనం, వాళ్ల బాత్రూము కలిపి ఒకే చోట ఎందుకు కట్టకూడదు?

ఇప్పటికే కట్టేసిన భవనానికి మొదట చేయాల్సింది పైకప్పుకు తెలుపు. సున్నంలో తెల్ల సిమెంటు, పట్టు కోసం కాస్త జిగురు కలిపి, ఫిబ్రవరి నెలాఖరులో రెండు పూతలు వేస్తే ఎండలో పెద్ద భాగం స్లాబులోకి దిగకుండానే వెనక్కి పోతుంది. వానలకు కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది వేయాలి. ఒక హాస్టల్ మిద్దె మొత్తానికి అయ్యే ఖర్చు ఆ హాస్టల్‌లో ఒక్క పిల్ల కట్టే ఏడాది ఫీజంత కూడా కాదు. చేతిలో డబ్బుంటే పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు పరిపించవచ్చు, అవి ఏళ్ల తరబడి ఉంటాయి. మట్టి కుండలు బోర్లించి, మధ్య సందుల్లో సున్నపు కాంక్రీటు పోసే పద్ధతి ఒకటుంది, లోపల చిక్కిన గాలే వేడిని ఆపుతుంది. ఇంకా మంచిది సోలార్ పలకలు: మిద్దెకు నీడ, ఫ్యాన్లకు కరెంటు. పాత 75 వాట్ల ఫ్యాన్ల బదులు 28, 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే కరెంటు పోయినప్పుడు అదే ఇన్వర్టరు రెట్టింపు కంటే ఎక్కువసేపు నడుస్తుంది. పడమటి గోడ పక్కన జాగా ఉంటే వేపో, కానుగో నాటాలి.

మరి ఏసీ? అందరూ చెప్పే పరిష్కారం అదే. ఫీజు కాస్త ఎక్కువ కట్టి ఏసీ గది తీసుకోమని హాస్టల్ యజమాని నాకూ చెప్పాడు. నేను ఏసీకి శత్రువును కాను. జ్వరం వచ్చిన పిల్లలకు, వడదెబ్బ తగిలినవాళ్లకు ఒక ఏసీ గది ప్రతి హాస్టల్‌లో ఉండి తీరాలి. కానీ గదిగదికీ ఏసీ అనేసరికి ముందు పోయేది కిటికీ. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఎనిమిది మంది వదిలిన ఊపిరినే ఎనిమిది మంది తెల్లవార్లూ పీలుస్తారు. ఒకరికి జలుబు చేస్తే వారానికి అందరికీ. క్షయ ఉన్న పిల్ల ఒకతి ఉంటే, గుర్తించేలోపు మిగతావాళ్ల సంగతేమిటి? తుపానుకు మూడు రోజులు కరెంటు పోతే ఆ గాలాడని గదిలో ఎవరుంటారు? పైగా ఏసీ గదికి డబ్బు కట్టలేని పిల్లలే మళ్లీ పై అంతస్తుకు పోతారు. ఆ ఏసీలు బయటికి తోసే వేడి కూడా వాళ్ల కిటికీలోకే.

నీళ్ల సంగతికొస్తాను. 2021 నవంబరు మన నెల్లూరువాళ్లు మర్చిపోయేది కాదు. సోమశిల నుంచి వదిలిన నీళ్లతో పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ మునిగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగి మద్రాసు దారి ఆగిపోయింది. వరద తగ్గిన నాలుగో రోజు నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు, వాడు చూసుకునే మగపిల్లల హాస్టల్‌కు ఒకసారి రమ్మని. భవనానికి ఏమీ కాలేదు, నీళ్లు మోకాలి లోతు వచ్చి పోయాయంతే. అయినా యాభై మంది పిల్లలకు విరేచనాలు. సంపు దగ్గరికి పోయి చూశాను. సంపు మూత నేలమట్టానికి ఉంది, బైకులు పెట్టుకోవడానికి వీలుగా. వరద నీళ్లు, డ్రైనేజీ నీళ్లు ఆ మూత సందుల్లోంచి నేరుగా తాగేనీళ్లలోకి దిగాయి. సెప్టిక్ ట్యాంకు దానికి ఆరడుగుల దూరం. మోటారు గుంటలో ఉంది, కాలిపోయింది. జనరేటరు సెల్లారులో ఉంది, మునిగింది. బియ్యం బస్తాలు వంటింట్లో కిందే పేర్చి ఉన్నాయి, తడిసి కుళ్లిపోతున్నాయి. ఆ వాసన నాకింకా గుర్తుంది.

సంపు మూతను రెండడుగులు పైకి లేపి కట్టడానికి ఎంతవుతుంది? కొద్దిపాటి ఇటుకలు, ఒక సిమెంటు బస్తా. మోటారును, జనరేటరును, మీటర్ల బోర్డును నడుము ఎత్తు దిమ్మె మీద పెట్టడం, స్టోరును మొదటి అంతస్తుకు మార్చడం, అంతే కదా. కొత్తగా కట్టేవాళ్లు ఆ వీధిలో 2015లో, 2021లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో పక్కింటి ముసలమ్మను అడిగి, ఆ గుర్తుకు రెండడుగుల పైన బేస్‌మెంటు లేపితే చాలు. మ్యాపులకంటే ఆ ముసలమ్మ గోడమీద చూపించే మరక నాకు నమ్మకం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలులు తలుచుకుంటే మిద్దె మీద ఇనుప గొట్టాలకు రేకులు బిగించి స్టడీ హాలు, భోజనాల హాలు అని నడిపే షెడ్లు నాకు గుండెదడ. ఎండాకాలం ఆ రేకులు పెనం, తుపానులో కత్తులు. రేకుల షెడ్డులో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు, ఈ విషయంలో నాకు మధ్యేమార్గం ఏమీ కనపడదు.

ఇదంతా తీరం పక్క సంగతి. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు పోతే లెక్క మారిపోతుంది. అక్కడ గాలి పొడి, పగలు నిప్పులు చెరిగినా రాత్రికి కాస్త చల్లబడుతుంది. అక్కడ పగలు కిటికీలు మూసి, రాత్రి తెరవాలి. కిటికీ నేలలో పదో వంతు చాలు, గోడ మాత్రం మందంగా ఉండాలి. ఆ ప్రాంతమంతా రాయే, నాపరాయి, పలకరాయి దొరికే నేల. అలాంటి చోట కూడా సన్న గోడలు, పెద్ద అద్దాలు పెట్టి నెల్లూరు బొమ్మనే దించడం నేను రెండుచోట్ల చూశాను. ఇంక నీళ్లు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటి ఫ్లోరైడు ఉండకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఆ హద్దు దాటిన నీళ్లు తాగి ఆ పల్లెల్లో పెరిగిన పిల్లలు మా కాలేజీకి వచ్చి నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనపడతాయి. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతారు.

వాన నీటిలో ఫ్లోరైడు ఉండదు. 3000 చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదిలో 60 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం, కరువు ప్రాంతం కాబట్టి తక్కువే వేసుకుందాం. ఆవిరైంది, మొదటి వానకు మిద్దె కడిగి వదిలేసింది పోగా సుమారు 1,30,000 లీటర్లు మిగులుతాయి. వంద మంది పిల్లలు రోజుకు మూడు లీటర్ల చొప్పున 300 రోజులు తాగితే 90,000 లీటర్లు. లెక్క కళ్లముందే ఉంది. తెల్లగా సున్నం కొట్టిన శుభ్రమైన మిద్దె, ఇసుక, బొగ్గు, కంకర వేసిన ఫిల్టరు, నేల పైన కట్టిన మూతగల ట్యాంకు కావాలి. కాచి చల్లార్చో, క్లోరిన్ వేసో ఇవ్వాలి. చలవ కోసం సున్నం కొట్టిన మిద్దే నీళ్లు పట్టడానికీ పనికొస్తుంది.

మా అమ్మాయి హాస్టల్ యజమానితో నేను మాట్లాడాను. గొడవ పెట్టుకోలేదు, పిల్ల అక్కడే ఉండాలి కదా. కాగితం మీద లెక్క వేసి ఇచ్చాను. సున్నం ఆయన వేయించాడు, అదీ పరీక్ష అయిపోయాక. ప్లైవుడ్ తీసేసి, గ్రిల్లుకు బయట కిందికి వంచిన అల్యూమినియం పట్టీలు బిగించారు. కొత్తగా చేరినవాళ్ల అమ్మానాన్నలు పది మంది కలిసి అడగడం వల్లే అది జరిగిందని వార్డెన్ తర్వాత చెప్పింది. ఒక్కరు అడిగితే ఫిర్యాదు, పదిమంది అడిగితే పని. ఇప్పుడు ఎవరైనా పిల్లల్ని ఎక్కడ చేర్పించాలని నాకు ఫోన్ చేస్తే, రాత్రి తొమ్మిది తర్వాత పోయి పై అంతస్తు చూపించమని అడగమంటాను. చూపించకపోతే తిరిగి రమ్మంటాను.

ఈ ఏడాది రెండో సంవత్సరం పిల్లలకు ప్లాను గీసే అభ్యాసం ఇచ్చాను: నెల్లూరులో అరవై మంది అమ్మాయిలకు హాస్టల్, ఏసీ లేకుండా. క్లాసులో సగం మంది హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లే. ఒకమ్మాయి వింజమూరు దగ్గర పల్లె నుంచి వచ్చి సంక్షేమ హాస్టల్‌లో పెరిగింది. అందరూ మంచాలతో మొదలుపెడితే, తను దండెంతో మొదలుపెట్టింది. పడమటి వైపు పొడవునా నాలుగడుగుల బాల్కనీ, దానికి జాలీ గోడ, లోపల నాలుగు వరసల దండేలు. ఇదేంటమ్మా అని అడిగాను.

"తడిబట్టలు గదిలో ఆరేస్తే వానాకాలం ఆరవు మేడమ్, మాకందరికీ తామర వచ్చింది" అంది. "బయట ఆరేస్తే ఎవరైనా చూస్తారని సిగ్గు. ఇక్కడైతే కనపడదు, గాలి ఆడుతుంది. ఎండ కూడా గోడకు తగలదు, బట్టలకే తగులుతుంది."

పడమటి గోడకు ఇరవై ఏళ్లుగా నేను చెప్పే నీడల్లో ఇది లేదు. ఆ షీటును ఇంటికి తెచ్చి మా అమ్మాయికి చూపించాను. చాలాసేపు చూసి, పెన్సిల్ తీసుకొని, ప్రతి మంచం తల దగ్గర గోడలో చిన్న గడి ఒకటి గీసింది. ఏమిటని అడిగితే, వాటర్ బాటిల్ పెట్టుకోవడానికి అంది.